చమురు కారే చోటు

కొళాయి కారితే తెల్లటి టెఫ్లాన్ టేపు నాలుగు చుట్లు చుట్టి బిగించడం ఇప్పుడు ప్రతి ఇంటివారికీ తెలిసిన విద్యే. ఆ విద్యను మోటారు సైకిలు ఇంజను మీద ప్రయోగిస్తే ఏమవుతుందో మా బావగారి బుల్లెట్టు పుణ్యమా అని తెలిసింది.

1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడి, తిరువొత్తియూరు కార్ఖానాలో మొదలైన వంశానికి చెందిన బండి అది. పాతకాలపు ఇనపపోత సిలిండరు. బావగారు ఉద్యోగంలో చేరిన ఏడాది కొన్నారు. అమ్మమంటే ఆయనకు నోట మాట రాదు. దాని ఇంజను పక్కనుంచి ఒక సన్నని గొట్టం పైకెక్కి, వాల్వులను ఆడించే రాకర్లకు చమురు అందిస్తుంది. గొట్టం చివర ఉంగరం వంటి కన్ను, ఆ కంట్లో దూరే బాంజో బోల్టు. ఈ బోల్టు లోపల బోలు, పక్కన చిన్న బెజ్జం. కంటికి పైనొకటి, కిందొకటి రాగి వాషర్లు. సరిగ్గా అక్కడే చెమ్మ మొదలై చుక్కలయింది. ధనుర్మాసంలో అక్కయ్య వేసిన ముగ్గు మీద రోజుకో నల్లమచ్చ. “ఈ గుమ్మం ముందు ముగ్గైనా ఉండాలి, ఆ బండైనా ఉండాలి” అని అక్కయ్య తేల్చి చెప్పేసింది.

మొదట వచ్చిన మెకానిక్, పేరు అనవసరం, బోల్టుకు టేపు చుట్టి బలమంతా పెట్టి బిగించాడు. చుక్క ఆగింది. ఇంటిల్లిపాదీ సంతోషించారు. వారం తిరక్కముందే ఇంజను తలలో టకటక మొదలైంది. ఇంకో మేస్త్రీ వచ్చి విప్పితే టేపు తునక ఒకటి బోల్టు బెజ్జానికి అడ్డుపడి ఉంది. బయటికి కారడమే కాదు, లోపల రాకర్లకు పోవడమూ ఆగిందన్నమాట! ఇంకొన్నాళ్లు అలాగే నడిపితే అవి చమురు లేక అరిగిపోయేవే. నన్నడిగితే, ముగ్గు పాడైన రోజులకంటె ముగ్గు శుభ్రంగా ఉన్న ఆ వారమే బండికి గండం.

ఈ మేస్త్రీ తమిళుడు. బోల్టు చుట్లను “మరై” అంటాడు. మన “మర” అదే గదా! పట్టుకోవడం మర పని, తడి ఆపడం వాషర్ పని అని ఆయన వాదం. బోల్టు మరకూ గుంట మరకూ నడుమ కొంచెం సందు ఉండి తీరాలి, లేకపోతే అది తిరగనే తిరగదు. ఆ సందులో చమురు గుడి చుట్టూ ప్రదక్షిణాలు చేసినట్టు తిరిగి తిరిగి బయటపడుతుంది. ఇనప నీళ్లగొట్టం మర కొసకు సన్నబడుతుంది గనుక బిగించినకొద్దీ ఇరుక్కుంటుంది, మిగిలిన సందును టేపు నింపుతుంది. బాంజో బోల్టు అటునుంచి ఇటు ఒకే లావు. వాషర్ నలిగి రెండు ముఖాలకూ అతుక్కుంటేనే అక్కడ ఆపుదల.

రాగి ఒకసారి నలిగితే గట్టిపడుతుంది, మళ్లీ అతకదు. కొత్త వాషర్లు ఆ పూట దొరకలేదు. మేస్త్రీ పాతవాటినే అక్కయ్య గ్యాసు పొయ్యి మీద పట్టకారుతో ఎర్రగా కాల్చి నీళ్లలో వేశాడు. ఉక్కును ఇలా చేస్తే గట్టిపడుతుంది, రాగి మెత్తబడుతుంది. కంసాలి ఇంట పుట్టినవారికి ఇది వింత కాకపోవచ్చు, నాకు వింతే. పైన కట్టిన నల్లపొరను సన్నని గరుకు కాగితంతో తీసి, ముఖాల మీద గీతలు లేవని చూసి, మితంగా బిగించాడు. అల్యూమినియంలోకి దిగే ఉక్కు బోల్టు మీద పహిల్వానుతనం చూపితే లోపలి మర ఊడి చేతికొస్తుంది.

మర గుంట నేరుగా ఇంజను గర్భంలోకి తెరుచుకునే స్టడ్డుల సంగతి వేరు. అక్కడ పూర్వం లక్క ద్రావకం పూసేవారట. 1953లో అమెరికాలో వెర్నన్ క్రీబిల్ అనే రసాయన శాస్త్రాచార్యుడు కనిపెట్టిన తరహా మందు ఇప్పుడు చిన్న సీసాల్లో దొరుకుతుంది. గాలి తగిలినంతసేపు ద్రవమే; మర సందులో గాలి అందక, లోహం తగిలితే గడ్డకడుతుంది. జిడ్డు కడగకుండా వేస్తే మాత్రం సరిగా పట్టదు.

అసలు మేస్త్రీ మొట్టమొదట చూసింది ఇంజను ఊపిరి గొట్టాన్ని. అది పూడితే లోపలి ఒత్తిడి చమురును ప్రతి అతుకులోంచీ తోస్తుంది, ఎన్ని వాషర్లు మార్చినా దండగే. అదృష్టం, అది శుభ్రంగానే ఉంది.

ఇప్పుడు పైన చుక్క లేదు, టకటక లేదు. అడుగున చమురు వదిలే బోల్టు దగ్గర మాత్రం ఇంకా చెమ్మ ఉంది. అక్కడ మరే అరిగింది. పెద్ద మర కోయించాలో, తీగచుట్టు దింపించాలో అడగడానికి ఆదివారం బావగారితో పుదుపేట వెళ్లాలి.