తూటికూర వీధిలో చిట్టి రొయ్యలు

హాంకాంగ్‌లో మాంగ్‌కాక్ అని ఒక పేట ఉంది. ప్రిన్స్ ఎడ్వర్డ్ మెట్రో స్టేషన్‌లో దిగి పైకొస్తే, కొద్ది దూరంలోనే టుంగ్ చోయ్ స్ట్రీట్. ఆ వీధి దక్షిణపు కొస లేడీస్ మార్కెట్. బట్టలు, బ్యాగులు, బేరాలు. టూరిస్టులు ఎక్కువగా అటే పోతారు. ఉత్తరం వైపుకి వస్తే మాత్రం వీధంతా చేపలే. వండుకునేవి కాదు, పెంచుకునేవి. దీన్ని గోల్డ్‌ఫిష్ మార్కెట్ అంటారు.

మన కిరాణా కొట్టు ముందు షాంపూ ప్యాకెట్ల దండలు వేలాడుతుంటాయి చూడండి, అక్కడ షాపుల ముందు అలా పాలిథిన్ సంచులు వేలాడుతుంటాయి. ఒక్కో సంచిలో అడుగున కాసిని నీళ్లు, పైన ఉబ్బిన ఆక్సిజన్, మధ్యలో ఓ చేప. సంచి మీద మార్కర్‌తో ధర. జనం ఆగి, సంచిని వెలుగుకి పట్టి, అటూ ఇటూ తిప్పి చూసి కొంటారు. మనం మామిడిపండు ఏరుకున్నట్టే.

ఆఫీసు పని మీద రెండు వారాలు హాంకాంగ్‌లో ఉన్నాను. ఒక శనివారం సాయంత్రం ఈ వీధికి వెళ్లాను. చేపల కోసం కాదు, రొయ్యల కోసం. అంగుళం కూడా ఉండని చిట్టి రొయ్యల కోసం.

వీధి పేరుకి అర్థమేంటని ఆఫీసులో ఓ హాంకాంగ్ స్నేహితుణ్ని అడిగితే ఫోన్‌లో ఓ ఆకుకూర బొమ్మ చూపించాడు. చూడగానే నవ్వొచ్చింది. మన తూటికూర! మాంగ్‌కాక్ ఒకప్పుడు పొలాల ఊరట. ఈ వీధి ఉన్నచోట నీళ్లు నిలిచే మడుల్లో తూటికూర పండించేవాళ్లట. దగ్గర్లోనే ఇంకో రోడ్డు పేరు నల్లా రోడ్. అది మన నాలాయే. ఇంగ్లిష్ వాళ్లు మన దేశం నుంచి మోసుకెళ్లిన మాట. అక్కడి కాలవని ఎప్పుడో కప్పేశారు, పేరు మాత్రం మిగిలింది. మొత్తానికి ఆ పేట పుట్టుకే నీళ్లలో.

నీ నీళ్లేంటి?

రొయ్యల షాపు చాలా ఇరుకు. రెండు వైపులా నేల నుంచి పైకప్పు దాకా చిన్న చిన్న గాజు తొట్లు. మనిషి పక్కకి తిరిగి నడవాలి. ఒక తొట్టిలో మిరపపండు రంగు రొయ్యలు, ఒకదాంట్లో పసుపు, ఒకదాంట్లో నీలం. ఇవన్నీ నియోకారిడినా అనే ఒకే జాతి. చెర్రీ రొయ్య అంటారు. పక్క వరసలో ఎరుపు తెలుపు పట్టీలతో సర్కస్ జోకర్ల లాంటివి. వాటి పేరు క్రిస్టల్ రెడ్. అవి కారిడినా జాతి. నా కళ్లు అక్కడే ఆగిపోయాయి.

కౌంటర్‌లో కుర్రాడికి ఇంగ్లిష్ బాగానే వచ్చు. ధర అడిగితే చెప్పలేదు. ‘మీ ఊళ్లో నీళ్లెలా ఉంటాయి? టీడీఎస్ ఎంత?’ అని ఎదురు ప్రశ్న వేశాడు.

మా అపార్ట్‌మెంట్‌లో ఆర్వో మెషీన్ బిగించడానికి వచ్చినబ్బాయి బోరు నీళ్లలో మీటర్ ముంచి చదివిన అంకె గుర్తుంది. 680 అన్నాను. కుర్రాడు తల అడ్డంగా ఊపాడు. క్రిస్టల్ రెడ్‌కి 100 నుంచి 150 మధ్య ఉండాలట, పీహెచ్ 7 కన్నా తక్కువుండాలట, వేడి 24 డిగ్రీలు దాటకపోతే మంచిదట. ‘ఎండాకాలం మీ ఇంట్లో ఎంతుంటుంది?’ అన్నాడు. హైదరాబాద్ మే నెల ఎలా ఉంటుందో చెప్పాను. మాట్లాడకుండా నన్ను చెర్రీ రొయ్యల తొట్టి దగ్గరికి తీసుకెళ్లాడు. ‘ఇవైతే బతుకుతాయి’ అన్నాడు.

ప్రాణమున్న రొయ్యల్ని సూట్‌కేసులో పెట్టుకుని విమానం ఎక్కడం కుదరదు కాబట్టి ఆ రోజు ఎలాగూ కొనేది లేదు. కానీ సరుకు అమ్ముకునేవాడే ‘నీ నీళ్లేంటి’ అని అడగడం నాకు బాగా నచ్చింది.

జోకర్ పుట్టిల్లు

ఆ ఎరుపు తెలుపు రొయ్యకి ఓ కథ ఉంది. హాంకాంగ్, దక్షిణ చైనా కొండవాగుల్లో నలుపు తెలుపు పట్టీల రొయ్య ఉంటుంది. తేనెటీగలా కనిపిస్తుందని ‘బీ’ రొయ్య అన్నారు. అది జపాన్ వెళ్లింది. అక్కడ హిసయాసు సుజుకి అనే ఆయన పెంచుతున్న రొయ్యల్లో 1990లలో ఒక్కటి ఎర్రగా పుట్టింది. దాన్ని కాపాడి, తరాల తరబడి ఏరి ఏరి పెంచితే వచ్చిందే క్రిస్టల్ రెడ్. అంటే ఆ షాపులో మెరిసిపోతున్న జోకర్ల పూర్వీకులు ఆ ఊరి చుట్టూ ఉన్న కొండల్లోనే ఉన్నారన్నమాట.

ఆదివారం ఆ కొండలకే వెళ్లాను. చున్ వాన్ స్టేషన్ దగ్గర 82 నంబరు మినీబస్ ఎక్కితే పైనాపిల్ డ్యామ్ దగ్గర దింపుతుంది. అక్కడివాళ్లు ఒకప్పుడు అనాస పండించేవారు కాబట్టి ఆ పేరు. అక్కణ్నుంచి షింగ్ మున్ రిజర్వాయర్ చుట్టూ నడకదారి. దారంతా కోతులు. చేతిలో కవర్ కనిపిస్తే లాక్కుపోతాయి. పైన 957 మీటర్ల తాయ్ మో షాన్, హాంకాంగ్‌లో అన్నిటికన్నా ఎత్తయిన కొండ. ఎప్పుడో చల్లారిపోయిన అగ్నిపర్వతపు రాయి అది. సున్నపురాయి కాదు. అందుకే దాని మీంచి జారే నీళ్లలో ఖనిజాలు పెద్దగా కలవవు. మెత్తని నీళ్లు.

ఒక వాగు పక్కన రాయి మీద కూర్చుని చాలాసేపు చూస్తే గానీ ఒక్క రొయ్యా కనపడలేదు. ఎరుపూ లేదు, తెలుపూ లేదు. కుళ్లిన ఆకు రంగు. ఒళ్లు అద్దంలా ఉండి లోపలి పేగు గీతలా కనిపిస్తోంది. చెట్టు నీడలో చల్లటి నీళ్లు, రాళ్ల మీద నాచు, అడుగున ఆకులు. ముందు కాళ్లతో ఆ ఆకుల మీదున్న పాకుడు గోకి నోట్లో పెట్టుకుంటూ దాని పని అది చేసుకుంటోంది. షాపు కుర్రాడు చెప్పిన అంకెలన్నీ ఈ వాగు అంకెలేనని అప్పుడు అర్థమైంది. మనం రొయ్యని కొంటున్నామంటే దాని వాగుని కూడా కొంటున్నట్టే. ఆ వాగుని ఇంట్లో పెట్టుకోగలమా లేదా అన్నదే లెక్క.

బాబాయ్ మాట

భీమవరం దగ్గర మా బాబాయ్ ఆరెకరాల్లో వనామి వేస్తాడు. ఆ రాత్రి వీడియో కాల్‌లో ఫోటోలు చూపించాను.

‘కిలో ఎంతరా అక్కడ?’

‘కిలోలు కాదు బాబాయ్, ఒక్కోటి లెక్కన.’

‘కౌంటు ఎంతుంటది?’

కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అది కౌంటు. ‘వేలల్లో ఉంటుంది’ అన్నాను. బాబాయ్ పగలబడి నవ్వాడు. ‘ఇక్కడ వంద కౌంటుకే ధర లేదు, వీళ్లెవర్రా బాబూ!’

నవ్వాపుకున్నాక షాపు కుర్రాడి సంగతి చెబితే మాత్రం వెంటనే ఒప్పుకున్నాడు. ‘కరెక్టే కదరా. నీళ్లు చూసి పిల్లలెయ్యాలి గానీ, పిల్లలొచ్చాక నీళ్లు చూస్తే ఏవొస్తది? ఎకరం చెరువైనా నీ బిందెడు నీళ్లైనా అమోనియా అమోనియానే.’

బాబాయ్‌కి రాత్రిళ్లు నిద్రుండదు. కరెంటు పోతే ఏరేటర్లు ఆగిపోతాయి, తెల్లారేసరికి చెరువు తేలిపోతుంది. ఆయనకి అది అప్పు, పెట్టుబడి, పిల్లల ఫీజులు. నాది టేబుల్ మీద పెట్టుకునే సరదా. రెండూ ఒకటని అనను. కానీ నీళ్ల ముందు ఇద్దరమూ ఒకటే జాగ్రత్త పడాలి.

మన ఇంట్లో వాగు

హైదరాబాద్ వచ్చాక చేసింది ఇదీ. మీరూ మొదలుపెట్టాలనుకుంటే పనికొస్తుంది.

తొట్టి అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉంటే దాదాపు 28 లీటర్లు. చాలు. ఇంతకన్నా చిన్నదైతే నీళ్ల గుణం గంటల్లో మారిపోతుంది. ఫిల్టర్‌కి స్పాంజ్‌ది వాడాలి. మామూలు మోటార్ ఫిల్టర్ అయితే రొయ్య పిల్లల్ని లోపలికి లాగేస్తుంది. అడుగున సన్న గులకరాళ్లు, ఒక గుప్పెడు జావా మాస్ నాచు.

నీళ్లకి చిన్న లెక్క. బోరు నీళ్లు 680, ఆర్వో నీళ్లు 40. ఒక వంతు బోరు, రెండు వంతులు ఆర్వో కలిపితే సుమారు 250. చెర్రీ రొయ్యకి హాయి. ఉత్త ఆర్వో నీళ్లు పోస్తే శుభ్రంగా ఉంటాయి గానీ వాటిలో కాల్షియం, మెగ్నీషియం ఉండవు. రొయ్య పెరగాలంటే పాత గుల్ల విడిచి కొత్తది కట్టుకోవాలి. ఖనిజాలు లేకపోతే గుల్ల సరిగా విడదు. మెడ దగ్గర తెల్లటి గీత చుట్టూ పడి చచ్చిపోతుంది. మునిసిపల్ నీళ్లయితే క్లోరిన్ పోగొట్టే మందు చుక్కలు వెయ్యాలి.

ఆ తర్వాత పని ఏమిటంటే, ఏమీ చెయ్యకపోవడం. నాలుగు నుంచి ఆరు వారాలు. తొట్టిలో రోజూ చిటికెడు చేపల మేత వేస్తూ పోవాలి. అది కుళ్లి అమోనియా అవుతుంది. ఒక రకం బ్యాక్టీరియా పెరిగి దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ విషాలు, మూడోది కొద్దిగా ఉన్నా ఫర్వాలేదు. టెస్ట్ కిట్‌లో అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించిన తర్వాతే రొయ్యలు. తొట్టీ రొయ్యా ఒకే రోజు కొనుక్కెళ్లే వాళ్ల ఇళ్లలో వారం తిరక్కుండా రొయ్యలు చచ్చేది చాలాసార్లు ఇందుకే. చూడ్డానికి నీళ్లు తేటగానే ఉంటాయి. విషానికి రంగుండదు.

తెచ్చిన రొయ్యల్ని ఒక్కసారిగా వెయ్యకూడదు. సన్న పైపుతో మన నీళ్లు చుక్కచుక్కగా ఆ సంచి నీళ్లలో కలుపుతూ గంటా రెండు గంటలు అలవాటు చెయ్యాలి. వారానికోసారి పదో వంతు నీళ్లు మారిస్తే సరి. చేపల మందుల్లో, నత్తల మందుల్లో రాగి ఉంటుంది. అది రొయ్యకి విషం. తొట్టి దగ్గరికి రానివ్వొద్దు. ఎండాకాలం నీళ్లు 30 దాటుతుంటే మూత తీసి పైన చిన్న ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతాయి. తగ్గిన నీళ్ల బదులు ఆర్వో నీళ్లు పొయ్యాలి, ఎందుకంటే ఆవిరైంది నీరే, ఖనిజాలు తొట్టిలోనే ఉన్నాయి.

ఒక సంగతి చెబితే మీకూ సరదాగా ఉంటుంది. టుంగ్ చోయ్ వీధిలో ఎండుటాకులు ప్యాకెట్లు కట్టి అమ్ముతున్నారు. రొయ్యలు ఆ ఆకు మీద పెరిగే పాకుడు తింటాయి. తీసి చూస్తే మన బాదం చెట్టు ఆకు! మా వీధి చివర స్కూలు గోడ పక్కన రోజూ ఊడ్చి పారేసేదే. మందు కొట్టని చెట్టుదైతే, రాలి ఎండిన ఆకుని కడిగి ఒకటి వేస్తే చాలు.

పొట్ట కింద గుడ్లు

నేను పది చెర్రీ రొయ్యలు మా ఊళ్లోనే పెంచేవాళ్ల దగ్గర కొన్నాను. రెండో నెలలో ఒక ఆడ రొయ్య పొట్ట కింద ఇరవై ముప్పై గుడ్లు కనిపించాయి. వాటికి గాలి తగిలేలా చిన్న కాళ్లతో విసురుతూనే ఉంది, రాత్రీ పగలూ. మూడు వారాలు దాటాక చుక్కంత పిల్లలు, అచ్చం తల్లి పోలికే. వనామికి ఉప్పునీళ్లు, హేచరీ, దశలు దశలుగా పెంపకం, అంత తతంగం ఉంటుంది. దీనికి నాచూ, శుభ్రమైన నీళ్లూ ఉంటే చాలు.

అందుకే ఇంకో జాగ్రత్త కూడా. ఎక్కువైపోయాయని చెరువులోనో నాలాలోనో వదలొద్దు. జర్మనీలో విద్యుత్ కేంద్రపు వేడినీళ్లు కలిసే ఒక వాగులో ఈ చెర్రీ రొయ్యలే స్థిరపడిపోయాయి. అక్కడి జీవులకి అవి పిలవని చుట్టాలు. మన చెరువుల్లో చలి కూడా అడ్డం రాదు. ఎక్కువైతే ఇంకో పెంచేవాళ్లకి ఇవ్వండి.

క్రిస్టల్ రెడ్ మీద మనసు పోలేదా అంటే పోయింది. ఏసీ గది, చిల్లర్, ప్రత్యేకమైన మట్టి, ఆర్వో నీళ్లలో కలిపే ఖనిజాల పొడి కొంటే హైదరాబాద్‌లో కూడా పెంచొచ్చు, పెంచేవాళ్లున్నారు. నాకు మాత్రం మా బోరు నీళ్లతో బతికే ప్రాణి చాలనిపించింది. మీరు కూడా షాపుకి వెళ్లే ముందు మీ ఇంటి బకెట్ అడుగున తెల్లటి సున్నం మరక ఉందేమో ఒకసారి చూడండి. ఏ రొయ్య తెచ్చుకోవాలో ముందుగా చెప్పేది అదే.