గోడ అడుగున ఎర్రమట్టా, సిమెంటా?

సెలవులకి పాడేరు దగ్గర మా ఊరెళ్తే ఇంట్లో ఒకటే చర్చ. మట్టిగోడ అడుగున మూరెడు ఎత్తు ఎర్రమట్టి పట్టీ ఉంటాది కదా, చూరు నీళ్లు చిందిపడి అదంతా పెచ్చులూడిపోయింది. మళ్లీ అలకాలా, సిమెంటు కొట్టించాలా?

నాన్నది సిమెంటే. చుట్టాలొస్తే నామోషీ అంటాడు. అమ్మ ఏమీ అనలేదు. కానీ ప్రతి పండక్కీ వంగి అలికేది అమ్మే, మోకాళ్ల నొప్పులూ అమ్మవే. అందుకే "మన ఆదివాసీ సంప్రదాయం" అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

అయితే పక్కింట్లో చూశాను. మట్టికి సిమెంటు సరిగ్గా అతుక్కోదు. లోపలి చెమ్మ బయటికి ఆరే దారిలేక గోడ మెత్తబడి, రెండేళ్లకే సిమెంటు పలకల్లా ఊడింది, మట్టిని కూడా పట్టుకొని. ఎర్రమట్టి అయితే తడుస్తాది, మళ్లీ ఆరిపోతాది. అసలు జబ్బు చూరుది, మరీ పొట్టిగా ఉంది.

ఆ సిమెంటు డబ్బుతోనే చూరు ముందుకి లాగి, గోడ వెంట రాళ్లు పరుద్దాం అన్నాను. నాన్న సరే అన్నాడు గానీ మొహం ముడుచుకునే ఉన్నాడు. ఈసారి అలికింది నేనూ తమ్ముడూ. అమ్మ అరుగు మీద కూర్చుని చూసి, "పేడ తక్కువేశార్రా" అంది.