వంతులు

నాన్న పోయిన నాటినుండి అమ్మ వంతులమీద బ్రతుకుతోంది. నాలుగు నెలలు సూర్యాపేటలో పెద్దన్నయ్య ఇంట, నాలుగు నెలలు కోదాడలో చిన్నన్నయ్య ఇంట, తక్కినవి మిర్యాలగూడలో మా ఇంట. ఇందులో ఖర్చేమీ లేదనుకున్నాం.

ఆమెకు ఎనభై నిండాయి. మొన్న దసరాకు అన్నదమ్ములం ముగ్గురం కూర్చుని లెక్క వేశాం. హైదరాబాదు శివార్లలోని ఒక వృద్ధాశ్రమంవారు 2 లక్షల డిపాజిట్టు, నెలకు 18,000 అన్నారు. మందులు, డయాపర్లు వేరు. మంచాన పడితే ఆయా జీతమూ వేరే. (ఇది అడిగితేగానీ చెప్పలేదు, మిత్రులు గమనించగలరు.) ఇంట్లోనే ఆయాను పెట్టుకుంటే 12,000, అదీ పగటికే. రాత్రి మన వంతు.

2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం జిల్లాకొక్కటైనా ఆశ్రమం, కనీసం 150 మందికి, అని తలపోసింది; అది నిరుపేదలకు. బిడ్డలనుండి ఇప్పించే భత్యం నెలకు 10,000 మించరాదన్నదీ ఆ చట్టమే. మేము చూసిన ఆశ్రమంలో అది పదిహేడు రోజులకైనా చాలదు.

అన్నీ విన్న అమ్మ ఒక్కటే అడిగింది:

"ఆడ గూడ నాలుగు నెలలకోసారి సంచి సదురుకోవాల్నా, బిడ్డా?"

పెద్దన్నయ్య లెక్కల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. వంతు ప్రకారం ఈ నెలాఖరున ఆమె సూర్యాపేట వెళ్ళాలి. ఇంతవరకు ఎవ్వరమూ ఆ మాట ఎత్తలేదు.