తూకపు రాయి, చేతి నాడి



మా సంఘంలో నలుగురం శనివారం తెల్లవారుజామున సైకిళ్ళు తొక్కుతుంటాం. కాలువ గట్టు మీదుగా దిండి వెళ్ళి, చించినాడ వంతెన ఎక్కి దిగి, ఎండ ముదరకముందే ఇల్లు చేరతాం. కోనసీమలో ఎత్తంటే వంతెనే గదా, అదే మాకు హెర్మోను కొండ. మాలో ఇద్దరివి మామూలు సైకిళ్ళు. మిగిలిన ఇద్దరి దగ్గర కొలిచే సాధనాలున్నాయి. బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచే పనిచేసే తమ్ముడి సైకిలుకు పవర్ మీటరు ఉంది. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన పెద్దాయనకు గుండె వేగం చూపే వాచీ, ఛాతీకి కట్టుకునే బెల్టు ఆయన కూతురు పంపింది. ఒకే నెలలో ఈ ఇద్దరి లెక్కలూ తేడా పడ్డాయి.

ముందు తమ్ముడి సంగతి. జ్వరం తగ్గి మళ్ళీ తొక్కడం మొదలుపెట్టాక అతని వాట్లు పైకి రాలేదు. ఎంత తొక్కినా పాత లెక్కకు 25 వాట్లు తక్కువే. "నా పని అయిపోయిందండి అయ్యగారూ" అన్నాడు, 29 ఏళ్ళకే. రాత్రులు నిద్ర కూడా సరిగా పట్టలేదట.

పవర్ మీటరు నిజానికి చిన్న కాటాలాంటిది. పెడల్ తగిలించే లోహపు చెయ్యి, అంటే క్రాంకు, తొక్కినప్పుడు కంటికి కనబడనంత వంగుతుంది. దానికి అతికించిన సన్నని రేకు ఆ వంపును కొలుస్తుంది. ఎంత బలంగా తొక్కుతున్నాం, ఎంత వేగంగా తిప్పుతున్నాం అనే రెండింటినీ గుణిస్తే వాట్లు వస్తాయి. అయితే చలికి, ఎండకు లోహం సాగి ముడుచుకుంటే, ఎవరూ తొక్కకపోయినా కాటాలో ఏదో అంకె నిలిచిపోతుంది. అందుకే సైకిలును ఇంట్లోంచి తెచ్చి పది పదిహేను నిమిషాలు బయటి గాలికి ఉంచి, పెడల్ మీద కాలు పెట్టకుండా, క్రాంకును నిలువుగా నిలబెట్టి జీరో కొట్టాలి. తమ్ముడి మీటరు ఎడమ కాలిని మాత్రమే కొలిచి దాన్ని రెట్టింపు చేసే రకం. అందులో చిన్న తప్పు కూడా రెండింతలై కనబడుతుంది.

బ్యాటరీ మార్చాం, మార్పు లేదు. అప్పుడు ధాన్యం కొనే చోటి నుంచి ముద్ర ఉన్న 20 కిలోల ఇనప రాయి అడిగి తెచ్చాం. క్రాంకును అడ్డంగా, నేలకు సమంగా నిలిపి, వెనక చక్రం కదలకుండా పట్టుకుని, పెడల్‌కు రాయి వేలాడదీశాం. క్రాంకు పొడవు 170 మిల్లీమీటర్లు. 20ని 9.81తో, 0.17తో గుణిస్తే 33.4 రావాలి. ఫోను 31.9 చూపించింది. రాయి తీసి, జీరో కొట్టి, మళ్ళీ వేలాడదీస్తే 33.3. తమ్ముడు అరుగు మీద కూలబడి చాలాసేపు నవ్వాడు. అతని కాళ్ళకు ఏమీ కాలేదు.

మన దేశపు చట్టం ప్రకారం వ్యాపారంలో వాడే తూకపు రాయికి రెండేళ్ళకోసారి మళ్ళీ ముద్ర వేయించాలి. ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయం సంచిలో రెండు రకాల రాళ్ళు, పెద్దదీ చిన్నదీ, పెట్టుకోవద్దంటుంది. ఆ మాటను మేము ఎప్పుడూ కొట్టువాళ్ళకే బోధిస్తాం. కానీ మనుషులు తమను తాము తూచుకోవడానికి కూడా తప్పు రాయి వాడతారు. మొదటి యోహాను పత్రిక 3వ అధ్యాయంలో, మన హృదయం మనమీద నేరం మోపినా దేవుడు దానికంటె గొప్పవాడని ఉంది. క్షమాపణ పొందిన తర్వాత కూడా పాత పాపానికి ఏడుస్తూ ఇంటింటా కనబడే అక్కచెల్లెళ్ళను తలచుకుని ఆ శనివారం మేము ఆ మాట చదివాం.

ఇక పెద్దాయన. ఆయన వాచీ ఒకసారి 85 అంటుంది, మరో నిమిషానికి 150 అంటుంది. వాచీని అందరం అనుమానించాం, దానికి కారణాలూ ఉన్నాయి. అది చర్మం మీద పచ్చ కాంతి వేసి, రక్తం రాకపోకలను బట్టి లెక్కిస్తుంది. వదులుగా ఉంటే, మణికట్టు ఎముక మీద ఉంటే, గతుకుల రోడ్డు మీద హ్యాండిలు గట్టిగా పట్టుకుంటే లెక్క తప్పుతుంది. ఒక్కోసారి గుండెను వదిలేసి పెడల్ తిప్పే వేగాన్నే గుండె వేగంగా చూపిస్తుంది. ఎముకకు ఒక వేలు పైన బిగించి కట్టమన్నాం. ఐనా గంతులే.

ఛాతీ బెల్టు గుండెలోని విద్యుత్తును పట్టుకుంటుంది కనుక దాన్ని ఎక్కువ నమ్మవచ్చు. అది కూడా ఎగిరింది. లోపలి పట్టీలు ఎండి ఉంటే మొదటి పది నిమిషాలు పిచ్చి లెక్కలు వస్తాయి, నీళ్ళతో తడపాలి. సిల్కులాంటి బనీను గాలికి కొట్టుకుంటే కూడా తేడా వస్తుంది. చెమట ఉప్పు పేరుకోకుండా కడగాలి. ఇవన్నీ చేసి, కొత్త బ్యాటరీ వేసినా అంతే.

"పారేయండి అయ్యగారూ, చైనా సరుకు" అన్నారు పెద్దాయన. ఆయాసంగా ఉందా అంటే, "ఈ వయసుకు ఉండదా? ప్రార్థన చెయ్యండి చాలు" అన్నారు.

తమ్ముడు మాత్రం వదల్లేదు. "బాబాయ్, ఒక్కసారి మార్చి చూద్దాం" అని పెద్దాయన బెల్టు తను కట్టుకుని, తన బెల్టు ఆయనకు కట్టాడు. పెద్దాయన బెల్టు తమ్ముడి ఛాతీ మీద గడియారంలా నడిచింది. తమ్ముడి బెల్టు పెద్దాయన ఛాతీ మీద గంతులేసింది.

ఎవరం మాట్లాడలేదు. మా సంఘంలో నర్సుగా పనిచేసే సహోదరిని పిలిపించాం. ఆమె ఆయన మణికట్టు మీద మూడు వేళ్ళుంచి నిమిషం నిండా లెక్కపెట్టింది. 15 సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే ఇలాంటి నాడి దొరకదట. తర్వాత మా వేళ్ళు కూడా పెట్టించింది. వాన వెలిశాక చూరు నీళ్ళు కారినట్టుంది. రెండు చుక్కలు త్వరగా, తర్వాత ఖాళీ, మళ్ళీ ఒకటి.

ప్రార్థన చేశాం. ఆమేన్ అన్న వెంటనే ఆటో ఎక్కించి అమలాపురం తీసుకెళ్ళాం. ప్రార్థన అడిగిన మనిషిని ఆటో ఎక్కించడం అవిశ్వాసమని ఒకరిద్దరు అన్నారు. లూకా వైద్యుడని కొలొస్సయుల పత్రికలోనే ఉందని గుర్తుచేశాం. ఈసీజీలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని తేలింది. గుండె పై గదులు లయ తప్పి వణుకుతాయి, అక్కడ రక్తం గడ్డకట్టి మెదడుకు వెళ్తే పక్షవాతం రావచ్చు అని డాక్టరుగారు చెప్పి, రక్తం గడ్డకట్టకుండా మాత్రలు రాశారు. వాచీ ఎప్పటి నుంచి ఇలా చూపిస్తోందని కూడా ఆయన అడిగారు, ఫోనులో దాచిన లెక్కలన్నీ చూశారు. పారేయమన్న వాచీయే అక్కడ సాక్షి అయింది.

తన విషయంలో తనకు ఏ దోషమూ తెలియదని, అయినా అంతమాత్రాన నీతిమంతుడని తీర్పు పొందినట్టు కాదని పౌలు కొరింథీయులకు రాశాడు. ఆ మాట పెద్దాయనకు ఆస్పత్రి బల్ల మీదే గుర్తొచ్చిందట. "బాగున్నాననుకున్నానండి" అన్నారు, అంతే.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక నర్సు సహోదరి మందిరం వరండాలో కూర్చుంటారు. 60 దాటినవారందరూ చెయ్యి చాపి ఒక్క నిమిషం మాట్లాడకుండా కూర్చోండి. మాలో కొందరికి ఆ మాట్లాడకుండా ఉండటమే కష్టం. కుర్చీలు తమ్ముడు వేస్తాడు.