శిథిలం చెత్త కాదు

ఇల్లు కట్టేటప్పుడు ప్రతి ఇటుకకూ లెక్క చూస్తాము. కూల్చేటప్పుడు ఆ లెక్క మరచిపోతాము. తలుపులు, దూలాలు, ఇనుము అమ్ముడుపోతాయి. మిగిలిన పెచ్చులు, కాంక్రీటు ముక్కలు ట్రాక్టరుకెక్కి రాత్రివేళ ఏ కుంటలోనో, వాగు గట్టునో దిగుతాయి. చెరువులే ఆధారమైన మన దక్షిణ రాయలసీమలో ఇది చిన్న విషయం కాదు. నీరు దారి తప్పితే ఏమవుతుందో 2021 నవంబరు వరదల్లో తిరుపతి చూసింది. బాటలోని ముల్లును తీసివేయడం పుణ్యకార్యమని పిల్లలకు నేర్పే మనం, నీటి బాటకు అడ్డు వేయడాన్ని ఎలా సమర్థించుకోగలం?

చిత్తూరులో తాతల నాటి ఇంటిని కూల్చవలసి వచ్చినప్పుడు మా కుటుంబంలో ఈ చర్చే జరిగింది. "అంతా కలిపి తోలేస్తాం, మీకెందుకు శ్రమ" అన్నాడు పని ఒప్పుకున్న మనిషి. మా దాదీ ఒక పెచ్చును చేతిలోకి తీసుకొని, "ఇది సుర్ఖీ, బేటా" అన్నారు. సుర్ఖీ అంటే ఇటుకలను దంచిన ఎర్రని పొడి. దానిని సున్నంతో కలిపి గానుగలో నూరితే తడిలోనూ గట్టిపడుతుంది. విరిగిన ఇటుకను సైతం మన పెద్దలు వృథా చేయలేదు.

నేటి శాస్త్రమూ అదే దారిలో నడుస్తున్నది. సున్నపురాయిని సుమారు 1450 డిగ్రీల వేడిలో కాల్చి సిమెంటుకు మూలమైన క్లింకరును తయారు చేస్తారు. అప్పుడు ఇంధనం నుంచే కాక రాయి నుంచి కూడా బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. ప్రపంచంలో మానవ కార్యకలాపాలు వెలువరించే ఆ వాయువులో దాదాపు 7 శాతం సిమెంటు వాటా. పాత కాంక్రీటులోని సున్నం ఒకసారి కాలినదే. కాబట్టి ఆ పొడిని తిరిగి బట్టీకి పంపితే ఎర్రగుంట్ల వంటి చోట్ల తవ్వే రాయి కొంత మిగులుతుంది, వాయువూ తగ్గుతుంది. మెత్తగా నూరిన శిథిలాల పొడిని కలిపిన సిమెంటుకు యూరప్ 2023లో ప్రమాణం రూపొందించింది. మన దేశంలో 2016 నాటి ప్రమాణం ప్రకారం, ఎం-25 స్థాయి వరకు ఇనుప కాంక్రీటులో 20 శాతం దాకా పాత కాంక్రీటు కంకరను వాడవచ్చు.

తిరుపతి నగరపాలక సంస్థకు తూకివాకంలో నిర్మాణ వ్యర్థాల కేంద్రం ఉన్నది. హైదరాబాదులోని జీడిమెట్ల, ఫతుల్లాగూడ కేంద్రాలు ఒక్కొక్కటి రోజుకు 500 టన్నుల సామర్థ్యం గలవి. అయితే మట్టి, ప్లాస్టిక్, జిప్సం కలిసిపోయిన కుప్ప నుంచి మంచి సరుకు రాదు. వేరు చేయడం కూల్చేచోటనే మొదలుకావాలి.

మేము అదే చేశాము. మంచి ఇటుకలు ప్రహరీకి పనికివచ్చాయి. నలగగొట్టిన కాంక్రీటు కొత్త ఇంటి నేల కింద పరుపైంది. రెండు రోజుల కూలి అదనంగా పడింది, కాని ఒక్క ట్రాక్టరు కూడా కుంట వైపు పోలేదు.

పాత ఇల్లు గాని, మహల్లాలోని మస్జిదు గాని కూల్చేముందు, శిథిలాలు ఏ చోటికి చేరాలో ఒప్పందంలోనే రాయించండి. కట్టినదానికే కాదు, కూల్చినదానికీ మనమే బాధ్యులం.