జిలేబి పోయాక

భీమవరం, శనివారం

బుజ్జమ్మా,

తెల్లారగట్ల ఆకివీడు వచ్చేసరికి కిటికీకి అటూ ఇటూ చెరువులే. రైలు నీళ్ళ మీద పోతున్నట్టుంది. ఏరేటర్లు నురగ చిమ్ముతూ తిరుగుతున్నాయి. నువ్వుంటే లెక్కపెట్టేదానివి. నాకేమో కరివేపాకు చెట్టు కింద నువ్వు పాతిన రెండు అగ్గిపెట్టెలు గుర్తొచ్చాయి. జిలేబి సరిగ్గా సరిపోయింది. లడ్డూ తోక బయటికొస్తే నువ్వే వేలితో మెల్లగా లోపలికి మడిచావు.

అన్నం తింటున్నావా? అమ్మని విసిగించకు.

నాన్న

భీమవరం, ఆదివారం

బుజ్జమ్మా,

పెదనాన్న చెరువు చూశాను. శీలావతి, బొచ్చె పెంచుతున్నాడు. సూర్యుడు రాకముందే గట్టు మీదికి వెళ్ళి నీళ్ళకేసి చూస్తూ నిలబడతాడు. రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ పీల్చేస్తుందట. అందుకే తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయేమోనని చూసుకోవాలి.

మన తొట్టెలో చేపలు, జిలేబీ లడ్డూ, పోయిన సంగతి చెప్పాను. “ఎన్నాళ్ళ నీళ్ళురా?” అన్నాడు. “కొత్తవే, మొత్తం మార్చి పోశాను” అన్నాను కాస్త గొప్పగానే. ఆయన నవ్వలేదు. “నీళ్ళు పెట్టగానే చేపపిల్లని వదులుతామా? రంగు రావద్దూ?” అని టీ తాగడానికి వెళ్ళిపోయాడు.

రోజంతా ఆ మాటే నమిలాను.

నాన్న

చెన్నై, మంగళవారం

బుజ్జమ్మా,

పని తొందరగా అయిపోతే కొళత్తూరు వెళ్ళాను. వీధంతా రంగు చేపల దుకాణాలే. ఆక్సిజన్ నింపి రబ్బరు బ్యాండు వేసిన సంచులు, సీసాకొకటి చొప్పున ఫైటర్లు. దారిలో బండివాడు “జిలేబి, జిలేబి” అని అరుస్తుంటే ఉలిక్కిపడ్డాను. ఇక్కడ తిలాపియాని అలా పిలుస్తారట, కూర చేపని. నానమ్మకి చెప్పకు, నవ్వుతుంది.

ఒక దుకాణంలో పెద్దాయన వచ్చీరాని తెలుగులో అడిగాడు: “ఫిల్టర్ స్పాంజి కడిగారా?”

కడిగాను, బుజ్జీ. ఆ రోజు నువ్వు బడికెళ్ళాక కొళాయి కింద పెట్టి తెల్లగా అయ్యేదాకా పిండి పిండి కడిగాను. తొట్టె ఖాళీ చేసి కొళాయి నీళ్ళే పోశాను, క్లోరిన్‌తో సహా. చేపలు విసర్జించిందీ, మిగిలిపోయిన మేతా అమ్మోనియాగా మారతాయి. స్పాంజికి పట్టిన ఆ జిగురులో సూక్ష్మజీవులుంటాయి. కొన్ని అమ్మోనియాని నైట్రైట్ చేస్తే, మరికొన్ని దాన్ని నైట్రేట్ చేస్తాయి. మొదటి రెండూ చేపకి విషం, మూడోది అంతగా కాదు. ఆ సూక్ష్మజీవులు కుదురుకోవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. నేను పది నిమిషాల్లో కడిగి పారేశాను. స్పాంజిని తొట్టెలోంచి తీసిన నీళ్ళలోనే ఒకసారి జాడించి, నీళ్ళు నాలుగో వంతే మార్చాల్సిందట.

ఆ సాయంత్రం నువ్వు ఏడుస్తుంటే “మేత ఎక్కువ వేశావేమో” అన్నాను. నువ్వు వేసింది చిటికెడే. నాకు తోచక అన్న మాట అది, నువ్వేమో నిజమనుకున్నావు. ఇంగ్లండులో టిష్ అనే బంగారు చేప 43 ఏళ్ళు బతికి 1999లో పోయింది. మనవాటికి 43 రోజులు కూడా దక్కకపోవడం నా చేతి వల్లే. ఈ ఉత్తరం కంటే ముందు నేనే ఇల్లు చేరతానేమో. అయినా ఫోనులో చెప్పలేకపోయాను.

చేపల్ని కొనలేదు. అమ్మోనియా చూసే చుక్కల మందు మాత్రం కొన్నాను: నీళ్ళు పసుపుగా ఉంటే లేనట్టు, పచ్చబడితే ఉన్నట్టు. తొట్టె అటక ఎక్కించవద్దని అమ్మకి చెప్పు. పంపు ఆడనీ. రోజూ ఉత్త నీళ్ళలోనే చిటికెడు మేత వెయ్యి, ఆ కనిపించనివాటి కోసం. ఖాళీ తొట్టెకి తిండి పెడుతోందని నానమ్మ అంటే, నాన్న చెప్పాడను.

నాన్న