నాలుగు గవ్వలు, ఇరవై అయిదు గళ్లు

వేసవి మధ్యాహ్నం కరెంటు పోతే చాలు, ఇంట్లో ఎవరో ఒకరు సుద్దముక్క కోసం వెతికేవారు. గచ్చు మీద అడ్డం అయిదు, నిలువు అయిదు గళ్లు గీసి, నాలుగు అంచుల్లో నడిమి గడికీ, మధ్యనున్న గడికీ ఇంటూ గుర్తు పెడితే ఆట సిద్ధం. గవ్వలుంటే గవ్వలు, లేకపోతే బండ మీద ఒకవైపు తెల్లగా అరగదీసిన చింతపిక్కలు. ఒకరి కాయలు గాజుముక్కలు, ఒకరివి చీపురుపుల్లలు, ఇంకొకరివి గులకరాళ్లు.

అదే అష్టాచమ్మా. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చమ్మా, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, ఎనిమిది. కన్నడిగుల ఇళ్లలో దీన్నే చౌకాబారా అంటారు.

చాలా ఇళ్లలో అష్టానో చమ్మానో పడితే గానీ కాయ గడిలోకి దిగదు. నాలుగు గవ్వలు పడే తీరులు 16. అందులో అష్టాకు ఒకటి, చమ్మాకు ఒకటి. రెండు పడే తీరులు మాత్రం ఆరు. గవ్వ రెండువైపులా సమానంగా పడదు కాబట్టి ఇది ఉజ్జాయింపు లెక్కే. ఆ లెక్కన సగటున ఎనిమిది పందేలకు ఒకసారి వచ్చే అదృష్టం కోసం ఏడేళ్ల పిల్ల తన వంతు దాకా కదలకుండా కూర్చుంటుంది. అమ్మమ్మేమో ఏ లెక్కల పుస్తకమూ తెరవకుండానే, ఎదుటి కాయకు రెండు గళ్ల ముందు తన కాయను ఆపదు.

ఆట ప్రాణమంతా ఇంకో నియమంలో ఉంది. ఎదుటివాళ్ల కాయను కనీసం ఒక్కదాన్నయినా చంపనిదే లోపలి ఎనిమిది గళ్లలోకి దారి లేదు. బయటి 16 గళ్లే మళ్లీ మళ్లీ తిరగాలి. మొహమాటానికి ఇక్కడ చోటు లేదు. మామూలుగా అత్తగారి ఎదుట గట్టిగా మాట్లాడని కోడలు ఆమె కాయను చంపి తీసేస్తుంది. తాతయ్య పండబోయే కాయను మనవడు చంపి చప్పట్లు కొడతాడు. తాతయ్య కోప్పడడు, కాయను మళ్లీ తన ఇంట్లో పెట్టుకుని వంతు కోసం చూస్తాడు. ఓడిపోయినవాళ్లు ఎలా కూర్చోవాలో పిల్లవాడు చూసేది అక్కడే. ఇంట్లో పెద్దా చిన్నా వరస తప్పకుండా నడుస్తుంది. ఈ సుద్దగీతల మధ్య మాత్రం అందరికీ తలా నాలుగే కాయలు. ఆ సమానత్వం ఎంత విలువైనదో!

నియమాల మీద గొడవలూ తప్పవు. వరసగా మూడుసార్లు అష్టా పడితే ఆ పందెం చెల్లుతుందా, చెల్లదా? అమ్మ పుట్టింట్లో ఒక పద్ధతి, నాన్న ఊళ్లో ఇంకొకటి. ఫోనులో లూడో ఆడితే ఈ వాదన ఉండదు, నియమం ముందే రాసిపెట్టి ఉంటుంది. గచ్చు మీద మాత్రం ఆట మొదలయ్యే ముందే అందరూ కలిసి ఒప్పుకోవాలి.

మరీ చిన్నపిల్లలుంటే వాళ్లు ఆటలో అరటిపండు. గవ్వలు వేస్తారు, కేరింతలు కొడతారు. వాళ్ల పందెం లెక్కలోకి రాదు. ఎవరినీ బయట కూర్చోబెట్టకుండా తెలుగువాళ్లు కనిపెట్టుకున్న మర్యాద ఇది. ఆ అరటిపండే ఒకరోజు గవ్వలు విసరనని మొండికేసి, అమ్మ విరిగిన గాజుల్లోంచి నాలుగు ఎర్రముక్కలు ఏరుకొచ్చి, ఖాళీగా ఉన్న ఇంటూ గడి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంటుంది.